ఒక ఇంచి లూజు

దర్జీ అన్న పోయాడన్న సంగతి నాకు సైకిల్ షాపులో తెలిసింది. గొలుసు కిర్రుమంటుంటే నూనె వేసుకుందామని ఆగాను. షాపు ఆయన చక్రం ఊచలు బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"నీకు తెలిసిందో లేదో. మన లూజు భాయ్ పోయినాడు. మొన్న బేస్తవారం తెల్లారి."

నేను నూనె పోస్తూనే ఉన్నాను. గొలుసు తడిసి, పళ్ళచక్రం తడిసి, కింద దుమ్ములో నల్లటి మడుగు కట్టింది. "ఇంగ చాలు లేమ్మా" అంటూ ఆయనే లేచి వచ్చి నూనె డబ్బా నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. వాళ్ళిద్దరి అంగళ్ళు పక్కపక్కనే. మధ్యలో ఒక రేకు అడ్డం. ఆ రేకుకు అటొకరు, ఇటొకరు కూర్చుని, రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటూ ముసలివాళ్ళయ్యారు.

అక్కణ్ణించి దర్జీ అన్న ఇంటికి పోయాను. వదిన చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆమే నావైపు తిరిగి, "నీ మోకాలు ఎట్లుండాదమ్మా?" అంది.

నేను చీర మీదనించే మోకాలు తడుముకున్నాను.

"ఆయప్ప అడుగుతాండె. మంచాన పడినంక గూడా అడిగినాడు. ఆ బడి వంటామె మిట్ట ఎక్కతాందా, దిగి తోసుకోని పోతాందా అని."

"ఎక్కతాండా వదినా" అన్నాను.

బెళుగుప్పలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అంగడికి ఎవరు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "లూజు యాడ పెట్టల్ల?" మిగతా దర్జీలు లూజుగానా, బిగువుగానా అని అడుగుతారు. ఈయన ఎక్కడ అని అడుగుతాడు. శెనక్కాయ చెట్లు పీకే మనిషికి వీపు మీద కావాలి. నీళ్ళ బిందె మోసే మనిషికి చంక కింద కావాలి. చంటిబిడ్డ తల్లికి ఇంకో చోట కావాలి. ఆ మాట ఆయన అడగడు, వదినను పిలుస్తాడు. అన్ని చోట్లా వదులు పెడితే సంచి అవుతుంది గాని జాకెట్టు కాదని ఆయన వాదన. ఈ కాలం పిల్లలకు లూజు అంటే పిచ్చివాడు. వాళ్ళు ఆయనకు వినపడేలాగే నవ్వేవాళ్ళు. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు.

"ఔనప్పా, లూజే. బిగదీసుకోని ఎవురు బాగుపడినారు?" అనేవాడు.

బక్కపలచని మనిషి. మెడలో టేపు ఎప్పుడూ ఉండేది. నమాజుకు పోయేటప్పుడు మాత్రం తీసి మిషను మీద పెట్టేవాడు. అప్పుడు చూస్తే ఎండకు నల్లబడిన మెడ మీద టేపు ఉన్నంత మేర తెల్లటి చార కనిపించేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, పెదవులు విప్పకుండా మాట్లాడేవాడు. "ఊఁ" అంటే సరే అని. "ఊఁహూఁ" అంటే గుడ్డ చాలదని. "ఊఁ ఊఁ ఊఁ" అని సాగదీస్తే, ఇంతకుముందు కుట్టినవాడెవడో చెడగొట్టాడని. ముఖ్యమైన మాట ఏదైనా చెప్పాలంటే సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కా జేబు మీద గుచ్చుకునేవాడు. మేము ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. తీరా అన్నీ గుచ్చి, "టీ తాగుతావామ్మా?" అనేవాడు.

గుడ్డ దగ్గర ఆయనంత నిజాయితీపరుడు లేడు. మిగిలిన పీలిక కూడా మడిచి తిరిగి ఇచ్చేవాడు. కాలం దగ్గర మాత్రం ఆయనంత అబద్ధాలకోరు కూడా లేడు. ఎప్పుడు అడిగినా "రేపు" అనేవాడు. ఉగాదికి ఇచ్చిన జాకెట్టు ఎండలు ముదిరాక వచ్చేది. ఎవరైనా గట్టిగా అరుస్తూ వస్తున్నారని తెలిస్తే, రేకు పక్కనించి సైకిల్ షాపులోకి దూరి, వేలాడుతున్న టైర్ల వెనక నిలబడేవాడు. షాపు ఆయన ఉన్నట్టుండి గొంతు పెంచి, "టైర్లు కావల్నామ్మా? ఈ పక్కకు రాండి, మంచి టైర్లుండాయి" అని ఆడవాళ్ళను పిలిచేవాడు. లోపలినించి సూదుల మధ్య నుంచే బూతులు వినిపించేవి.

ఆయన దాక్కున్నప్పుడు గుడ్డలు వెతికి ఇవ్వాల్సింది వదిన. అక్కడే చిక్కు. గుడ్డకు కట్టే పీలిక మీద, గుడ్డ ఇచ్చినవాళ్ళ పేరు ఆయన ఉర్దూలో రాసేవాడు. వదినది కంబదూరు, చదివింది తెలుగు బడిలో. ఒకరి చీర ముక్క ఇంకొకరికి పోయి తగాదాలయ్యేవి. నేను అక్షరాలు నేర్చుకున్న కొత్తలో ఏది దొరికితే దాని మీద రాసే పిచ్చిలో ఉన్నాను. "నేను రాసిస్తా లేన్నా, నువ్వు చెప్పు" అన్నాను. ఆయన చెప్పే పేర్లు నేను పీలికల మీద తెలుగులో రాసేదాన్ని. మొదటిసారి రాసి చూపిస్తే ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, "కాజాలు కుట్టినట్ల గుండ్రంగా రాసినావమ్మా" అన్నాడు. నలభై దాటాక పలక పట్టినదాన్ని. అంతకుముందు నా అక్షరాన్ని ఎవరూ అలా వెలుతురుకు పట్టి చూడలేదు.

నాకు అక్షరాలూ సైకిలూ ఒకే ఏడాది వచ్చాయి. ఆడవాళ్ళ సంఘానికి మధ్యాహ్నం పూట చదువు చెప్పడానికి వచ్చే టీచరమ్మ, పాఠం అయ్యాక తన సైకిలు ఇచ్చి మమ్మల్ని తొక్కమనేది. మిగతావాళ్ళు రెండుసార్లు పడి మానుకున్నారు. నేను మానలేదు. ఆ తర్వాత బెళుగుప్ప అవతల మిట్ట మీది పల్లెలో బడికి వంటమనిషి కావాలన్నారు. అక్కడ వండే ఆమె కుటుంబంతో బెంగళూరుకు కూలికి పోయింది. ఆ పల్లెకు పొద్దున పూట బస్సు లేదు, ఆటో రాదు. పాత సైకిలు ఒకటి కొనుక్కుని, అది ఉందని చెప్పుకుని నేను ఆ పని సంపాదించుకున్నాను.

ఆ పని నాకు ఎంత విలువైనదో వివరంగా చెప్పలేను. చిన్నప్పటినుంచి నేను ఎక్కడికి పోయినా ఎవరి వెనకో పోయాను. నాయన వెనక, మొగుని వెనక, కూలికి పిలిచిన మేస్త్రి వెనక. పొద్దున్నే ఆకుకూర సంచి వెనక కట్టుకుని నా అంతట నేను ఒక చోటికి పోవడం, అక్కడ పిల్లలు "అమ్మ వచ్చెరా" అని అరవడం, అది పోగొట్టుకుంటే మళ్ళీ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీయడమే. దానికీ ఆ మోకాలు పనికిరాదు.

కుడి మోకాలు. మొదట మిట్ట ఎక్కేటప్పుడు మాత్రమే చిప్ప ముందర సూదులు గుచ్చినట్టు ఉండేది. తర్వాత తర్వాత చదును మీద కూడా మొదలైంది. ఆషాఢం గాలి వచ్చేసరికి ఇంక చేతగాలేదు. మిట్ట మీద వరసగా గాలిమరలు. అవి తిరుగుతున్నాయంటే ఆ రోజు గాలి నాకు ఎదురని అర్థం. సగంలో దిగి సైకిలు తోసుకుంటూ పోయేదాన్ని. పొయ్యి ఆలస్యంగా వెలిగేది. ఆ పల్లె పిల్లల్లో చాలామంది పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్ళు. ఒకరోజు గంట కొట్టాక కూడా అన్నం ఉడకలేదు. బడి పెద్దమేడం వంటగది దగ్గరికి వచ్చి నిలబడింది. అరవలేదు. "పిల్లలు పళ్ళాలు పట్టుకోని కూర్చున్నారు. నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను" అంది. అరిచి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే పేర్లు రాసివ్వడానికి దర్జీ అన్న అంగడికి పోయాను. రాయడం అయ్యాక మెట్టు మీదనించి లేస్తూ రెండు చేతులూ మోకాలి మీద ఆనించాను. మిషను ఆగింది. ఆయన సూదులు తీయడం మొదలుపెట్టాడు.

"మోకాలా?"

"ఔనన్నా."

"చిప్ప ముందరా, ఎనకా?"

"ముందర."

ఆయన లేచి బయటికి వచ్చి, రేకుకు ఆనించిన నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు కిందికంటా దించి ఉంది. "ఇది చిన్నపిల్లదా, నీదా?" అని, నా జవాబు వినకుండానే పక్క షాపులోకి కేకేశాడు. "ఏమప్పా, ఈయమ్మ సీటు ఇట్ల నేలకు అతికించినావేమి?"

"ఆయమ్మే దించమనింది. కాళ్ళు రెండూ నేలకు అందల్ల అనింది."

"రేపు చక్రాలు తీసేయమంటాది. తీసేస్తావా?"

"నువ్వు గుడ్డలు కుట్టుకో భాయ్. ఇనుము సంగతి నాది."

"ఇనుము నీదేలే. మోకాలు ఎవురిది?"

సీటు దించమన్నది నేనే. పెద్దతనంలో నేర్చుకున్నదాన్ని కదా, పాదాలు రెండూ నేలకు ఆనితేనే ధైర్యం. ఆయన నన్ను లోపలికి పిలిచి తన స్టూలు చూపించాడు. కాళ్ళ కింద గుడ్డ చుట్టిన ఇటుకలు.

"వయసులో నేను పొట్టి స్టూలు మీద కుచ్చోని మిషను తొక్కినా. మోకాళ్ళు మడత పడి మడత పడి చిప్పలు మంట పుట్టేవి. ఇటికెలు పెట్టినంక కొంచెం తెరిపిచ్చింది. నీది గూడా అదే మడతమ్మా. కాలు చాపుకునేదానికి చోటు ల్యా."

తర్వాత వదినను పిలిచి టేపు ఇచ్చాడు. "పైజామాకు కొలిచినట్ల కొల్చు" అని చెప్పి తను బయట నిలబడ్డాడు. తెర వెనక వదిన నన్ను గోడకు నిలబెట్టి కొలుస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఈ వయసులో నీకు పైజామా కుట్టి సైకిలు తొక్కిస్తాడేమో చూడు." ఆమె కొలత చెప్పింది. ఆయన బయట సైకిలు మీద టేపు పెట్టి, కింద పెడలు దగ్గరినించి పైకి లెక్క చూసుకుని, సీటు గొట్టం మీద సుద్దతో గీత గీశాడు. షాపు ఆయన గొణుక్కుంటూనే ఆ గీత దాకా సీటు ఎత్తి బిగించాడు.

ఎక్కి కూర్చుంటే నాకు కళ్ళు తిరిగాయి. "నేల అందడంల్యా అన్నా!"

"ఆగినప్పుడు సీటు మీదనే కుచ్చోవల్లని ఎవురు చెప్పినారు? ముందరికి దిగి నిలబడు. ఆడోళ్ళ సైకిలు, నడుమ కడ్డీ ల్యా. నీకేమి అడ్డం?"

"కొంచెం పట్టుకోన్నా."

"పట్టుకోను. పట్టుకుంటే నువ్వు సీటు మీద కుచ్చోవు, నా చెయ్యి మీద కుచ్చుంటావు."

సందులో అటూ ఇటూ తొక్కించాడు. దిగడం, నిలబడడం వచ్చింది. చిప్ప ముందరి నొప్పి నిజంగానే తగ్గింది. కానీ నాలుగు రోజులు పోయేసరికి మోకాలి వెనక నరం లాగడం మొదలైంది. పెడలు కిందికి పోయినప్పుడల్లా వేళ్ళ కొసలతో వెతుక్కోవాల్సి వచ్చేది. నడుము అటూ ఇటూ ఊగేది. తప్పు నాదేననుకుని పళ్ళు బిగబట్టి తొక్కాను. శుక్రవారం పొద్దున మిట్ట కింద, వాననీళ్ళు రోడ్డు దాటే మోరీ దగ్గర గాలి ఒక్క తోపు తోసింది. కాలు పెడలు మీదనించి జారింది. సైకిలు ఒక పక్క, నేను ఒక పక్క, టమాటాలు రోడ్డంతా. మోచేయి గీరుకుపోయింది. ఆ రోజు పిల్లలు తినేసరికి ఎండ నడినెత్తి దాటింది.

"సోమవారం చూస్తాను" అంది పెద్దమేడం. "సోమవారం కూడా ఇట్లే అయితే, ఏమనుకోవద్దు."

సైకిలు తోసుకుంటూ నేరుగా దర్జీ అంగడికి వచ్చాను. "నీ లూజూ వద్దు, నీ కొలతా వద్దు. నా సీటు దించియ్యి. నా పని పోతాంది" అని రోడ్డు మీదే అరిచాను. ఆయన టైర్ల వెనక దాక్కోలేదు. వచ్చి నా మోచేయి చూశాడు. వదినను మళ్ళీ కొలవమన్నాడు. అదే కొలత వచ్చింది. అప్పుడు తనే కూర్చుని సైకిలును కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. టేపు తీసి మెడలో వేసుకున్నాడు.

"ఒక ఇంచి ఎక్కువ పెట్టినా" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"యాలన్నా?"

"కుదింపుకు."

నాకు అర్థం కాలేదు. ఆయన నా ముఖం వైపు చూడకుండా చెప్పాడు. "నూలు గుడ్డ నీళ్ళల్లో పడితే కుదిస్తాది కదమ్మా. పైజామా కత్తిరిస్తే ఒక ఇంచి ఎక్కువే పెడతాము. పుట్టినప్పటినుంచి చెయ్యికి అదే అలవాటు. నీ సీటుకు గూడా చెయ్యి అట్లనే గీసేసింది."

రేకు అవతల ఏదో కిందపడిన చప్పుడైంది. సైకిల్ షాపు ఆయన చేతిలోని పానా. నవ్వీ నవ్వీ ఆయనకు దగ్గు తెర వచ్చింది. "ఇనుము ఉతికితే కుదిస్తాదా భాయ్? సబ్బు యాది వాడల్ల?" సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. ఆ తర్వాత ఎంతకాలమో, ఎవరింటికి తలుపు పెట్టించినా, "భాయ్, ఉతకల్ల, ఒక ఇంచి ఎక్కువ పెట్టమని చెప్పు" అని ఆయన్ని ఏడిపించేవాళ్ళు. అప్పుడు ఆయనా నవ్వేవాడు. ఆ రోజు మాత్రం నవ్వలేదు. మిషను మీద ఎవరిదో పెళ్ళి జాకెట్టు సగంలో ఉంది. దాని మీద గుడ్డ కప్పి, పానా అడిగి తీసుకుని, ఆ ఇంచి తన చేత్తోనే దించి బిగించాడు. వదిన నా మోచేతికి పసుపు పెట్టింది. పోయేటప్పుడు, "రేపు నువ్వు తొక్కుదువు, నేను ఎనక వస్తా. గుడ్డ మనిషి మీద వేసి చూడకుండా కుట్టితిని, అదీ నేను చేసిన పని" అన్నాడు.

మరుసటి రోజు రెండో శనివారం, బడి లేదు. ఆయన తన పాత నల్ల సైకిలు మీద, ప్యాంటు గొలుసులో పడకుండా బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టుకుని, నా వెనక బయలుదేరాడు. దారి పక్క చేలో శెనక్కాయ విత్తే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు.

"ఏం సాయిబన్నా, ఆయమ్మ నీ టేపు ఎత్తుకోని పోతాందా?"

"టేపు కాదమ్మా, మోకాలు ఎత్తుకోని పోతాంది. పట్టుకుందామని!"

చేనంతా నవ్వింది. నేను సిగ్గుతో గట్టిగా తొక్కాను. వెనకనించి ఆయన అరుపు. "ఆగు, ఆగమ్మా! కుడి మోకాలు లోపలికి పోతాంది. ప్రతి సుట్టుకూ సైకిలు పైపును తాకేటట్ల పోతాంది."

దిగి నిలబడ్డాను. ఇప్పుడు మోకాలి లోపలి పక్క కూడా నొప్పి తెలుస్తోంది. ఆయన కూడా దిగి, నా పాదం వైపు చూపించాడు.

"పాదం అట్ల నిక్కబొడిచినట్ల పెట్టినావేమి?"

"నేర్పించిన టీచరమ్మ నేరుగా పెట్టమనిందన్నా."

"నడువు."

"యాడికి?"

"ఈడనే. నాలుగడుగులు నడిచి రా."

నడిచి వచ్చాను. ఆయన దుమ్ములో నా అడుగుల మీదికి వంగాడు. ఎడమ పాదం ముందుకే చూస్తోంది. కుడి పాదం చేను వైపు తిరిగి ఉంది. ప్రతి అడుగూ అంతే. ఇన్నేళ్ళు నేలమీద తిరిగి, నా అడుగు ఎట్లా పడుతుందో నేను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసుకోలేదు.

"ఇదమ్మా నీ పాదం" అన్నాడు. "పుట్టుకతోనో, గొంతుక్కుచ్చోని కలుపు తీసి తీసినో, బయటికి తిరిగింది. దాన్ని నువ్వు నేరుగా పట్టి బిగిస్తాండావు. పాదం మాట వింటాది, మోకాలు మెలి తిరుగుతాది. దాన్ని దాని పక్కకే పెట్టు. లూజు ఈడ పెట్టల్ల."

పెడదామంటే నా పెడళ్ళు కుదరనివ్వలేదు. సన్నవి, రబ్బరు ఊడిపోయి నున్నటి ఇనుప కడ్డీలు మిగిలాయి. పాదం పక్కకు తిప్పితే జారిపోయేది. జారకుండా ఉండాలని నేను పాదం నడిమధ్యను వాటికి అదిమి, గట్టిగా పట్టుకుని తొక్కేదాన్నని అప్పుడు తెలిసింది. తిరిగి వచ్చాక షాపు ఆయన కొత్తవి చూపించాడు. మెరుస్తున్నాయి, అంచున రంపం పళ్ళలాగా ఉన్నాయి. "ఇవి పాదాన్ని పట్టుకున్నాయంటే వదలవు" అన్నాడు.

"వదలకుంటే ఎట్లప్పా? అది తిరగల్ల. ఎడల్పువి ల్యావా, పాలోళ్ళ సైకిళ్ళకు ఉండే మాదిరి?"

"అనంతపురం నుంచి తెప్పించల్ల. వారం పట్టొచ్చు."

సోమవారం ఒక్కరోజు అవతల ఉంది. దర్జీ అన్న తన సైకిలు బోర్లించి, దాని పెడళ్ళు విప్పడానికి కూర్చున్నాడు. అరచేతి వెడల్పున్న రబ్బరు దిమ్మెలవి, అరిగినా నేలను పట్టే చెప్పుల్లా ఉన్నాయి. కుడిది వచ్చేసింది. ఎడమది ఎంత తిప్పినా రాదు. చెమటలు పట్టాయి. షాపు ఆయన టీ గ్లాసు పట్టుకుని తీరిగ్గా చూశాడు. చూసి చూసి, "ఎడమ పక్కది ఎదురు మర భాయ్. నువ్వు ఇంతసేపూ బిగిస్తాండావు" అన్నాడు.

"ముందే చెప్పేదానికేమి రోగం?"

"ఇనుము నాదని నేను చెప్తే, మోకాలు ఎవురిదంటివి కదా."

రెండూ నా సైకిలుకు ఎక్కాయి. పాదం దాని ఇష్టమొచ్చినట్టు కూర్చుంది. వేళ్ళ మొదలు దగ్గర తొక్కమన్నాడు, నడిమధ్యతో వద్దన్నాడు. నా పాతవి తన సైకిలుకు పెట్టుకున్నాడు. "అవెందుకన్నా, జారతాయి" అంటే, "నేను యాడికి పోతానమ్మా? ఇంటికాన్నుంచి అంగడికి, అంగడికాన్నుంచి ఇంటికి" అన్నాడు.

సోమవారం పొద్దున గాలిమరలన్నీ తిరుగుతున్నాయి. ఊరు దాటేచోట ఆయన సైకిలు మీద ఒక కాలు నేలకు ఆనించి నా కోసం నిలబడి ఉన్నాడు. ప్యాంటుకు క్లిప్పు, మెడలో టేపు. నోట్లో సూదులు లేవు.

"పో. ఎనక్కి తిరిగి చూడొద్దు. చూస్తే నడుము తిరుగుతాది" అన్నాడు.

మిట్ట మొదట్లోనే గాలి ఎదురైంది. ఆయన గొంతు వెనకనించి వస్తూనే ఉంది. "వేళ్ళ మొదలుతో... ఆఁ... చేతులు బిగపట్టొద్దు... తొందర ల్యా, తొందర ల్యా... మోకాలు దాని దోవన అది పోనియ్యి..." మోరీ దాటాను. నేను ఎప్పుడూ దిగిపోయే రాతిగుండు వచ్చింది. దిగలేదు. నొప్పి అసలు లేదని అనను, ఉంది, పాత తగాదా గుర్తున్నట్టు ఉంది. సూదులు మాత్రం లేవు. చెవుల్లో గాలి హోరు. ఆయన గొంతు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

మిట్ట పైకి చేరి, ముందుకు దిగి, రెండు కాళ్ళ మీద నిలబడి, అప్పుడు వెనక్కి చూశాను. ఆయన సగం దారిలో, చాలా కింద ఉన్నాడు. సైకిలు దిగి, ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో తన మోకాలు పట్టుకుని వంగి నిలబడ్డాడు. ఆ నున్నటి కడ్డీలు ఆయన్ని అక్కడే జార్చేశాయి.

నేను సైకిలు తిప్పాను. కిందికి పోయి ఆయన్ని చూడాలని. ఆయన చూశాడు. సీటు వదిలేశాడు. సైకిలు దబ్బుమని పడిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, చేలో కాకుల్ని తోలినట్టు నన్ను ముందుకు తోలాడు. ఏదో అరుస్తున్నాడు. గాలికి ఒక్క మాటా పైకి రాలేదు. నోరు తెరుచుకోవడం మాత్రం కనిపించింది: పో, పో.

నేను పోయాను.

బడి తలుపు దగ్గర పెద్దమేడం నిలబడి ఉంది. గంట ఇంకా కొట్టలేదు. నన్ను చూసింది, నా సైకిలు చూసింది, వంటగది తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మరుసటి రోజు సాయంత్రం అంగడికి పోతే ఆయన ఎప్పటిలాగే మిషను తొక్కుతున్నాడు, కాకపోతే ఎడమ కాలితో ఒక్కదానితోనే.

"ఏమన్నా, నిన్న సగం దావలోనే నిలబడిపోతివి?" అన్నాను.

"ఎనక చక్రం గాలి దిగింది" అన్నాడు, సూదుల మధ్యనుంచి, గుడ్డ మీదనించి చూపు తీయకుండా.

నేను రేకు అవతలికి చూశాను. ఆయన ఏ మాటన్నా కాదనకుండా ఒక్క పూటైనా ఉండలేని మనిషి అక్కడ కూర్చుని ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఔనమ్మా" అన్నాడు. "దిగింది. మళ్ళా గాలి నేనే కొట్టినా."